పొల్లు దారి, గింజ దారి: పడే వస్తువుకు గాలి వేసే లెక్క

సార్వా కోతలు పూర్తయి కుప్పలు నూర్చే రోజుల్లో మా తాతగారి కళ్లంలో మధ్యాహ్నం వాలాక ఒక పని మొదలయ్యేది. ఒక మనిషి ముక్కాలిపీట ఎక్కి, కింది నుంచి అందించిన చేటను తలకంటే ఎత్తుగా పట్టుకుని, దాని అంచును కొద్దిగా వంచి సన్నగా కదిపేవాడు. నూర్చిన ధాన్యం పలుచని తెరలాగా జారేది. చేట దగ్గర ఆ తెర ఒకటిగానే ఉండేది. మనిషి నడుము ఎత్తుకు దిగేసరికి రెండుగా చీలేది. గట్టి గింజలు దాదాపు నిటారుగా దిగి పీటకు ఒకటి రెండు అడుగుల్లోనే రాశిగా పడేవి, పొల్లు మాత్రం గాలివాటున సాగి ఆరేడు అడుగుల అవతల పరుచుకునేది. ఆ రెంటికీ నడుమ పడినవాటిని గోటితో నొక్కి చూస్తే, సగమే పాలు పోసుకుని ఆగిపోయిన గింజలని తెలిసేది. గాలి పడిపోతే అతను చేట దించి, కొబ్బరి మట్టలు మళ్లీ కదిలేదాకా ఊరుకునేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు భౌతికశాస్త్ర పాఠంలో, ఒకే ఎత్తు నుంచి వదిలిన వస్తువులన్నీ బరువుతో నిమిత్తం లేకుండా ఒకేసారి నేలను చేరతాయని చదువుకున్నాను. కళ్లంలో చూసినదానికీ పుస్తకంలో ఉన్నదానికీ పొత్తు కుదరలేదు. ఆ వాక్యం పక్కనే "గాలి నిరోధాన్ని ఉపేక్షిస్తే" అన్న చిన్న మాట ఉంది గానీ, ఏ వస్తువు విషయంలో ఉపేక్షించవచ్చో, ఏ వస్తువు విషయంలో ఉపేక్షిస్తే లెక్క పూర్తిగా తప్పుతుందో పాఠం చెప్పలేదు. చాలామంది పిల్లలు చిక్కుపడేది ఇక్కడేనని నేను అనుకుంటున్నాను. పాఠం నిజమే, కళ్లమూ నిజమే. వాటి మధ్య హద్దు ఎక్కడుందో తెలియకపోవడమే చిక్కు.

ముందుగా గాలి లేని సంగతి చూడాలి. భూమి ఒక వస్తువును లాగే బలం దాని ద్రవ్యరాశిని బట్టి పెరుగుతుంది. రెండు కిలోల రాయిని కిలో రాయికంటే రెట్టింపు బలంతో లాగుతుంది. అయితే ఉన్న చోటి నుంచి కదలడానికి ఆ రాయి చూపే మొరాయింపు కూడా రెట్టింపే. లాగుడూ మొరాయింపూ ఒకే పాళ్లలో పెరగడం వల్ల ఫలితంలో బరువు ప్రసక్తి పోయి, వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున అన్నింటికీ ఒకేలా పెరుగుతుంది. గెలీలియో 1638లో అచ్చువేసిన వాదం ఇంకా సూటిగా ఉంటుంది. బరువైన రాయి వేగంగా పడుతుందనీ తేలికది నెమ్మదిగా పడుతుందనీ ఒప్పుకుని, ఆ రెంటినీ తాడుతో కలిపి కడితే, చిన్నది పెద్దదాన్ని వెనక్కి లాగుతుంది కాబట్టి జంట నెమ్మదించాలి. కలిసి మరింత బరువైనాయి కాబట్టి జంట వేగం పెరగాలి. రెండూ ఒకేసారి జరగవు గనుక మొదట ఒప్పుకున్న మాటే తప్పు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేతిలోంచి 1.32 కిలోల సుత్తినీ, మరో చేతిలోంచి ఒక డేగ ఈకనూ ఒకేసారి వదిలాడు. గాలి లేని ఆ చోట రెండూ కలిసే నేలను తాకాయి.

ఇక గాలి ఉన్న మన చోటికి వద్దాం. గాలికి బరువు ఉందన్న సంగతి అందరూ చదువుకున్నదే అయినా, ఎంత బరువుందో చాలామందికి అందాజు ఉండదు. సముద్రమట్టానికి దాదాపు సమానంగా ఉండే మన డెల్టా నేల మీద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. నాలుగు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తం 72 కిలోలు; అంటే ఇంచుమించు ఒక ధాన్యం బస్తా. కింద పడే ప్రతి వస్తువూ ఈ బరువైన పదార్థాన్ని పక్కకు నెట్టుకుంటూ దారి చేసుకోవాలి. నెట్టబడిన గాలి తిరిగి వస్తువును నెడుతుంది. గాలి నిరోధం అన్నది ఇదే.

ఈ ఎదురుతోపు వేగంతో పాటు పెరుగుతుంది, అదీ వేగానికి వర్గంగా పెరుగుతుంది. వస్తువు రెట్టింపు వేగంతో పోతే ఒక సెకనులో రెట్టింపు గాలి ఎదురవుతుంది. ఎదురైన ఆ గాలిని రెట్టింపు జోరుతో తప్పించవలసి వస్తుంది. రెండు రెట్టింపులు కలిసి నాలుగు రెట్లు. వేగం మూడింతలైతే తోపు తొమ్మిదింతలు. ఇది పడే వస్తువుకే కాక, నిలబడిన వస్తువు మీదికి వచ్చే గాలికి కూడా వర్తిస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలిన తీరు చూసినవారికి ఈ వర్గం లెక్కను విడిగా చెప్పనక్కరలేదు. ఏటా వచ్చే ఈదురుగాలికి ఊగి నిలిచిన చెట్టు, దానికి మూడింతల వేగపు గాలి వచ్చినప్పుడు, మట్టలు ముడుచుకుని కొంత తప్పించుకున్నా, అలవాటైన బలానికి ఎన్నో రెట్ల బలాన్ని మోయవలసి వచ్చింది.

వేగంతో పాటు మరి మూడు సంగతులు ఈ తోపును నిర్ణయిస్తాయి. ఒకటి గాలి సాంద్రత. రెండు, వస్తువు ఎదురుగా చూపే వైశాల్యం. మూడు, దాని ఆకారం. నావ ముక్కులాగా గాలిని సున్నితంగా చీల్చేది తక్కువ తోపు తింటుంది, పళ్లెంలాగా బల్లపరుపుగా ఎదురయ్యేది ఎక్కువ తింటుంది. గమనించవలసింది ఏమంటే, ఈ జాబితాలో వస్తువు బరువు లేదు. ఒకే ఆకారం, ఒకే పరిమాణం, ఒకే వేగం ఉంటే గట్టి గింజకూ ఖాళీ పొల్లుకూ గాలి ఒకే బలంతో అడ్డుపడుతుంది. తేడా వచ్చేది ఆ బలాన్ని ఎదుర్కొనే దగ్గర: గింజ వెనుక బరువు ఉంది, పొల్లు వెనుక లేదు.

చేటలోంచి జారిన క్షణంలో వస్తువుకు వేగం సున్నా కాబట్టి నిరోధమూ సున్నా. అప్పుడు గింజైనా పొల్లైనా ఒకే త్వరణంతో, అంటే వేగం పెరిగే ఒకే రేటుతో బయలుదేరతాయి. తెర పైభాగంలో ధాన్యమూ పొల్లూ కలిసే ఉండేవని మొదట చెప్పాను. ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. వేగం పెరిగే కొద్దీ నిరోధం పెరిగి, బరువులోంచి అంత మేరకు తీసివేత జరుగుతుంది. మిగిలిన బలం తగ్గే కొద్దీ త్వరణం తగ్గుతుంది. చివరికి నిరోధం బరువుతో సమానమయ్యే వేగం ఒకటి వస్తుంది. అక్కడ త్వరణం ఉండదు. వస్తువు ఆగదు, అప్పటికి అందుకున్న వేగంతోనే స్థిరంగా దిగుతుంది. దీన్ని చరమ వేగం అంటారు. విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటి ఇక్కడ ఉంది: బలాలు సమానమైతే వస్తువు గాలిలో నిలిచిపోవాలి కదా అని అడుగుతారు. బలాలు సమానమైతే మారనిది వేగం. సున్నా అయ్యేది త్వరణం. ఇంకో సంగతి, ఈ వేగం ఒక గీత దాటినట్టు ఉన్నట్టుండి రాదు. చరమ వేగాన్ని 9.8తో భాగిస్తే వచ్చే సెకన్లు గడిచేసరికి వస్తువు ఆ వేగంలో సుమారు 76 శాతాన్ని, దానికి రెట్టింపు కాలం గడిచేసరికి 96 శాతాన్ని అందుకుంటుంది.

ఇప్పుడు కళ్లంలోని లెక్కే వేద్దాం. మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చి డెల్టా అంతా పరుచుకున్న స్వర్ణ రకం వడ్లు వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయి. అంటే గింజ 20 మిల్లీగ్రాములు. అందులో ఊక వంతు ఐదింట ఒకటి. కాబట్టి లోపల బియ్యం లేని పొల్లు, బయటికి అదే పొడవూ అదే లావూ ఉన్నా, 4 మిల్లీగ్రాములే ఉంటుంది. గాలి ఇచ్చే తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది గనుక, ఐదో వంతు బరువును తూచడానికి ఐదు వర్గమూలం మేరకు, అంటే సుమారు 2.2 రెట్లు తక్కువ వేగం చాలు. అంచనాగా గట్టి గింజ చరమ వేగం సెకనుకు 5 మీటర్లు, పొల్లుది 2.3 మీటర్లు. రెండు మీటర్ల ఎత్తు నుంచి గాలి లేకపోతే ఏదైనా 0.64 సెకన్లలో పడాలి. గాలిలో గింజకు 0.72 సెకన్లు పడుతుంది, పొల్లుకు ఒక సెకను దాటుతుంది.

ఈ మూడో వంతు సెకను తేడా ఒక్కటే అయితే ధాన్యం, పొల్లు వేరు కావు. ముందు వెనుకలుగా ఒకే రాశిలో పడతాయి. అందుకే నిశ్చలమైన గాలిలో ఎంత ఎత్తు నుంచి పోసినా ఫలితం ఉండదు. అడ్డంగా వీచే గాలి ఈ కాలపు తేడాను దూరపు తేడాగా మారుస్తుంది, ఆ మార్చడం కూడా రెండు విధాలుగా చేస్తుంది. పొల్లు ఎక్కువసేపు గాలిలో ఉంటుంది కాబట్టి ఎక్కువ దూరం కొట్టుకుపోతుందన్నది మొదటి కారణం, దీన్ని ఎవరైనా చెప్పగలరు. పక్కకు తోసే విషయంలో కూడా గాలి ఇచ్చే బలం రెంటికీ సమానమే అయినా, ఐదో వంతు ద్రవ్యరాశి ఉన్న పొల్లు ఆ తోపుకు ఐదింతల త్వరణంతో లొంగి, దాదాపు వెంటనే గాలితో సమాన వేగం అందుకుంటుందన్నది రెండో కారణం. గింజ మాత్రం గాలి వేగాన్ని అందుకునే లోపే నేలను చేరిపోతుంది. సెకనుకు మూడు మీటర్లు వీచే సాధారణమైన గాలిలో గింజ మీటరు లోపే పడటం, పొల్లు రెండు మీటర్లు దాటడం ఈ రెండు కారణాల కలయిక వల్లనే. సగం పాలు పోసుకున్న గింజ బరువు ఆ రెంటికీ నడుమ ఉంటుంది గనుక దాని చోటూ నడుమే.

ఇప్పుడు చేతి తూర్పారబట్టడం తక్కువ, కోత మిషన్లే ఎక్కువ. కానీ మిషను లోపల తిరిగే పంకా చేసేది ఇదే పని. దాని గాలి పొల్లు చరమ వేగం కంటే ఎక్కువగానూ, గింజ చరమ వేగం కంటే తక్కువగానూ ఉండాలి. తక్కువైతే ధాన్యంలో పొల్లు మిగులుతుంది, ఎక్కువైతే గట్టి గింజలు గడ్డితో పాటు పొలంలోకి ఎగిరిపోతాయి. మిషను వెనుక నడుస్తూ నేల మీద గింజల కోసం చూసే రైతు, పేరు తెలియకపోయినా, ఈ రెండు చరమ వేగాల మధ్య ఉన్న సందునే వెతుకుతున్నాడు. నాకు ఆ దృశ్యం చూసినప్పుడల్లా ఏ ప్రయోగశాల చూసినా కలగని గౌరవం కలుగుతుంది.

గాలిని ఎప్పుడు ఉపేక్షించవచ్చు అన్న మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. సూత్రాలను కాస్త కలిపి చూస్తే బయటపడే ఒక సంగతి పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనబడదు, నా దృష్టిలో విషయమంతటికీ అదే కీలకం. పడే వస్తువు తన దారిలో ఎంత బరువున్న గాలిని పక్కకు నెట్టవలసి ఉందో లెక్కగట్టి, దాన్ని వస్తువు బరువుతో పోల్చాలి. నెట్టే గాలి వస్తువు బరువులో కొద్ది భాగమే అయితే గాలి లేనట్టే లెక్క వేసుకోవచ్చు. వస్తువు బరువుకు ఎన్నో రెట్లైతే అది ఏనాడో చరమ వేగానికి చేరుకుని ఉంటుంది.

యాభై అడుగుల కొబ్బరిచెట్టు మీద నుంచి రాలిన కాయను తీసుకోండి. పీచుతో కలిపి కిలోన్నర బరువు, ఇరవై సెంటీమీటర్ల అడ్డుకొలత అనుకుంటే, నేల దాకా అది తవ్వుకుంటూ వచ్చే గాలి స్తంభం దాదాపు అర ఘనపు మీటరు, బరువు అర కిలో పైచిలుకు. కాయ బరువులో అది మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఫలితంగా గాలి లేకపోతే గంటకు 62 కిలోమీటర్ల వేగంతో తాకవలసిన కాయ 59 కిలోమీటర్ల వేగంతో తాకుతుంది, సెకనులో సుమారు ముప్ఫై అయిదో వంతు ఆలస్యంగా. దాని చరమ వేగం సెకనుకు 40 మీటర్లు. దాన్ని అందుకోవాలంటే ఇంతటి చెట్లు పది ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా చాలదు. ఇదే కొలతతో రెండు మీటర్ల దారిలో వరి గింజ తన బరువుకు దాదాపు రెండింతల గాలిని నెడుతుంది, పొల్లు తొమ్మిదింతల గాలిని నెడుతుంది. గెలీలియో పాఠం కొబ్బరికాయకు దాదాపు సరిపోయి పొల్లుకు బొత్తిగా సరిపోకపోవడంలో వింతేమీ లేదు.

ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. దింపు తీయడానికి చెట్టెక్కిన మనిషి పట్టు తప్పితే అతని లెక్క కూడా కొబ్బరికాయ లెక్కే. మనిషి చరమ వేగం సెకనుకు 55 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. యాభై అడుగుల దారిలో గాలి అతనికి చేసే సాయం దాదాపు ఏమీ ఉండదు, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నేల తగులుతుంది. అదే చెట్టు మీద నుంచి జారిన ఎర్రచీమ కింద పడి లేచి నడిచిపోతుంది. ఆకారాలు ఒకేలా ఉన్నప్పుడు కొలత పదింతలు తగ్గితే బరువు వెయ్యి రెట్లు తగ్గుతుంది, ఎదురు చూపే వైశాల్యం మాత్రం వంద రెట్లే తగ్గుతుంది. చిన్న ప్రాణి ఎప్పుడూ తన బరువుతో పోలిస్తే పెద్ద గొడుగు పట్టుకున్నట్టే ఉంటుంది. చీమకు ఉన్న ఈ రక్షణ మనిషికి లేదు. నడుముకు కట్టే తాడూ, చెట్టెక్కే సాధనమూ తప్ప ఆ లోటు పూడ్చేది మరొకటి లేదు. విమానంలోంచి దూకేవారికి పారాచూట్ చేసేది మనిషిని పొల్లుగా మార్చడమే: బరువు మారదు, ఎదురు చూపే వైశాల్యం ఎన్నో రెట్లు పెరిగి, చరమ వేగం సెకనుకు 5 మీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. అది నాలుగు అడుగుల పైచిలుకు గోడ మీద నుంచి దూకినంత దెబ్బ.

న్యూటన్ కాలంలో ఇదే విషయాన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. 1710లో లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి గోపురం లోపల 220 అడుగుల ఎత్తు నుంచి గాజు గోళాలు జారవిడిచారు. పాదరసం నింపిన చిన్నవి నాలుగు సెకన్లలో పడ్డాయి, లోపల గాలి మాత్రమే ఉన్న పెద్దవాటికి ఎనిమిది సెకన్లు దాటింది. గాలి బొత్తిగా లేకపోతే పట్టవలసిన కాలం 3.7 సెకన్లు. పాదరసపు గోళాలు గట్టి గింజల కోవకు, బోలు గోళాలు పొల్లు కోవకు చెందుతాయి.

బరువు మారకుండా ఆకారం ఒక్కటే మారితే ఏమవుతుందో చూడాలంటే ఆత్రేయపురం పూతరేకు చాలు. కుండ మీద నుంచి అప్పుడే తీసిన ఒంటి రేకును తలెత్తు నుంచి బల్లపరుపుగా వదిలితే అది నేరుగా దిగదు. ఒక పక్కకు జారి, అక్కడ అంచు లేచి ఆగి, మళ్లీ రెండో పక్కకు జారుతూ ఉయ్యాల ఊగినట్టు దిగుతుంది. అదే రేకును నాలుగు మడతలు పెట్టి వదిలితే తిన్నగా పడుతుంది. బెల్లమూ నెయ్యీ చేర్చి చుడితే ఇక రాయిలా పడుతుంది. ఊగడానికి కారణం గాలి తోపు రేకు నడిమధ్యలో కాకుండా ముందంచు వైపు ఎక్కువగా పడటం. రేకు వాలిన కొద్దీ ఆ చోటు మారుతూ రేకును తిప్పుతుంది. కాగితపు ముక్కలు ఇలా పల్టీలు కొడుతూ పడటం గురించి మాక్స్‌వెల్ 1854లోనే ఒక వ్యాసం రాశాడు. ఈ ఊగిసలాట లెక్క నేటికీ సులువైనది కాదు.

వర్షం మాట చెప్పకుండా ఈ విషయం ముగియదు. రెండు మిల్లీమీటర్ల చినుకు రెండు కిలోమీటర్ల ఎత్తులోని మబ్బు నుంచి దిగుతుందనుకుంటే, దారిలో అది నెట్టే గాలి ఏడు గ్రాములు దాటుతుంది. చినుకు బరువు నాలుగు మిల్లీగ్రాములు. దాదాపు 1,800 రెట్లు. మొదటి కొద్ది మీటర్లలోనే అది తన చరమ వేగమైన సెకనుకు ఆరున్నర మీటర్లకు చేరి, మిగిలిన దారంతా అదే వేగంతో దిగుతుంది. ఎంత ఎత్తు నుంచి బయలుదేరిందన్న గుర్తు దాని వేగంలో మిగలదు. గాలి లేకపోతే ఆ చినుకే గంటకు 700 కిలోమీటర్లు మించిన వేగంతో వచ్చి అరటాకులనూ ఈనిన వరి వెన్నులనూ చిల్లులు పొడిచేది. ఐదు మిల్లీమీటర్ల పెద్ద చినుకు కూడా సెకనుకు తొమ్మిది మీటర్లకు మించదు, అంతకంటే బాగా పెద్దది కాబోతే గాలి తోపుకు తట్టుకోలేక చిట్లిపోతుంది. బొమ్మల్లో వేసే కన్నీటిబొట్టు ఆకారం చినుకుకు ఉండదు. చిన్నవి గుండ్రంగా ఉంటాయి, పెద్దవి కింద గాలి ఒత్తిడికి చదునై, బోర్లించిన మూకుడులా ఉంటాయి.

చినుకుకంటే చాలా చిన్నవైన మంచు తుంపరల దగ్గర లెక్క పద్ధతే మారుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున కాలవగట్ల మీద నిలిచే పొగమంచులో ఒక్కో తుంపర మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండవచ్చు. అంతటి సూక్ష్మ వస్తువుకు గాలి బరువు కంటే గాలి జిగురు, అంటే స్నిగ్ధత, ముఖ్యమవుతుంది. అక్కడ నిరోధం వేగపు వర్గాన్ని బట్టి కాక, వేగాన్ని బట్టే పెరుగుతుందని 1851లో స్టోక్స్ చూపాడు. ఆ సూత్రం ప్రకారం చరమ వేగం వ్యాసార్థపు వర్గాన్ని బట్టి మారుతుంది: కొలత సగమైతే వేగం నాలుగో వంతు. మంచు తుంపర సెకనుకు ఒక సెంటీమీటరు పైచిలుకు మాత్రమే దిగుతుంది. మంచు గాలిలో తేలుతుందని మనం అంటాం గానీ అది తేలడం లేదు, పడుతూనే ఉంది. ఆ పడటాన్ని ఏ చిన్న గాలి కదలికైనా కప్పేస్తుంది.

గాలి స్థానంలో నీరు పెట్టినా సూత్రం అదే, సాంద్రత మాత్రం ఎనిమిది వందల రెట్లకు పైగా ఎక్కువ. ధవళేశ్వరం దాటి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలే గోదావరి ఏటా చేసే పనిని ఒక పెద్ద తూర్పారబట్టడంగా చూడవచ్చు. ప్రవాహం అడ్డంగా వీచే గాలి, అది మోసుకొచ్చే మట్టి నూర్చిన ధాన్యం. మిల్లీమీటరులో ఐదో వంతు ఉన్న ఇసుక రేణువు నీటిలో సెకనుకు రెండు సెంటీమీటర్ల చొప్పున దిగిపోయి నదీగర్భంలోనే ఇసుక తిన్నె అవుతుంది. వరద గట్టు పొర్లినప్పుడు అంతకంటే సన్ననిది లంకల మీద ఒండ్రుగా పరుచుకుంటుంది. మిల్లీమీటరులో అయిదు వందల వంతు ఉన్న బంకమట్టి రేణువు మాత్రం, కదలని నీటిలోనే రోజుకు ఒక అడుగు దిగుతుంది. కదిలే నీటిలో దిగనే దిగక సముద్రం దాకా పోతుంది. అక్కడి ఉప్పునీటిలో రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలైనప్పుడే దానికి పడే వేగం వస్తుంది.

కుళాయిలు రాకముందు మా నానమ్మ వరద రోజుల్లో ఎర్రనీళ్లు తేర్చుకున్నది ఈ అంటుకునే గుణంతోనే. కొందరు ఇందుప గింజ అని పిలిచే చిల్లగింజను ఆమె నీళ్లు నింపిన కుండ లోపలి అంచుకు కాసేపు అరగదీసి, చేత్తో ఒకసారి కలిపి, మూత పెట్టేవారు. ఆ గంధం మట్టి రేణువులను కూడగడుతుంది. పది రేణువుల వెడల్పున్న ముద్ద ఒక్కటి కట్టినా స్టోక్స్ లెక్కలో వేగం వంద రెట్లు కావాలి. ముద్ద వదులుగా ఉండి నీటిని పట్టుకుంటుంది కాబట్టి అంత కాకపోయినా, ఎన్నో రెట్లు పెరుగుతుంది. రోజులు పట్టవలసిన పతనం ఒక రాత్రిలో అయిపోయేది. తెల్లవారి మూత తీసి చూస్తే కుండ అడుగున పలుచని ఎర్రని పొర, దాని మీద గోదావరి తేటనీరు.